తాకని గడులు

…ఖాళీ అంటే లేదని చెప్పినట్టా, ఇంకా ఏమీ చెప్పనట్టా? పొట్టి ఆలోచన పొద్దున్నుంచీ ఈ ఒక్క మలుపు దగ్గరే ఆగిపోతోంది, ఇరుకు సందులో తిరగలేక ముందుకూ వెనక్కీ జరిగే బస్సులాగా. ముందుకు పోతే ఉద్యోగం తగులుతుంది. వెనక్కి వస్తే అక్క.

పోయిన వారం ఆమెను మనం ఇదే కుర్చీలో, ఇదే తెర ముందు, నోరు తెరుచుకుని ఉండగా వదిలేశాం. ఆ నోరు తర్వాత ఎలాగో మూసుకుంది కానీ కన్ను మాత్రం మూతపడలేదు. పేరుకే గానీ పొట్టి పొట్టిది కాదు, అక్క కంటే బెత్తెడు పొడుగే. చిన్నప్పుడు ఎవరో పెట్టిన పేరు, పెళ్ళీడు దాటి తల అక్కడక్కడా నెరుస్తున్నా అక్క నోటికి అదే అలవాటు.

ఆన్‌లైన్ ప్రశ్నావళులు తయారుచేసి ఇచ్చే చిన్న కంపెనీ వాళ్ళది. అందులో ఆమె పని డేటాబేసు గీయడం. అంటే, ఎవరు ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చినా అది తప్పిపోకుండా తన గడిలో పడేలా చూడటం. ఆసుపత్రుల దుప్పట్లూ పక్కగుడ్డలూ ఉతికే పెద్ద లాండ్రీ ఒకటి వాళ్ళకో పని ఒప్పజెప్పింది. అక్కడ మరకలు తీయడానికి కొత్త మందు వచ్చినప్పటినుంచీ చేతులు మొద్దుబారుతున్నాయని పనివాళ్ళు కొందరు ఫిర్యాదు చేశారు. నిజమో కాదో తేల్చమని ఒక డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ ప్రశ్నలు రాసింది, పొట్టి వాటికి ఇల్లు కట్టింది, పనివాళ్ళు వరసలో నిలబడి ట్యాబ్ మీద జవాబులు నొక్కారు. 'మీ వేళ్ళు మొద్దుబారుతున్నాయా?' అన్న ప్రశ్నకు నూటికి తొంభై మంది లేదన్నారు. ఈ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ ఫలితాన్ని అందరి ముందూ చదివి సంతకం పెడుతుంది. సంతకం పడ్డాక ఇక మందు మారదు. ఫిర్యాదు చేసినవాళ్ళు అబద్ధాలకోరులైపోతారు. ఆ ఫిర్యాదు చేసినవాళ్ళలో మొదటి మనిషి పొట్టి అక్క.

రిపోర్టు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అక్క ఫోనెత్తడం లేదు.

పొట్టి మళ్ళీ తెరవైపు చూసింది. తను గీసినవి నాలుగు పట్టికలు. ఒకదాంట్లో మనుషులు, పేర్లు లేకుండా వట్టి నంబర్లుగా, పక్కన వాళ్ళ విభాగం మాత్రం. ఒకదాంట్లో ప్రశ్నలు. ఇంకోదాంట్లో ఒక్కో ప్రశ్నకు ఇవ్వదగ్గ జవాబులు. నాలుగోది ఈ మూడింటికీ ముడి వేసే పట్టిక: ఫలానా మనిషి, ఫలానా ప్రశ్నకి, ఫలానా జవాబు. ఒక జవాబుకి ఒక వరస. ఎవరైనా ఒక ప్రశ్న దగ్గర ఏమీ చెప్పకుండా పోతే నాలుగో పట్టికలో ఆ వరసే పుట్టదు. లేనిది లేనట్టే ఉంటుంది. గీసినప్పుడు అంత నిజాయితీగానే గీసింది.

పాడుచేసింది కూడా తనే. లాండ్రీకి పంపేముందు ఆఫీసులో నలుగురి చేతా సరదాగా నింపించి చూస్తే, రిపోర్టులో గుండ్రటి బొమ్మ పూర్తి కాలేదు. తిన్న రొట్టెలా ఒక ముక్క తక్కువైంది. "ఈ మిగతా శాతం ఎక్కడికి పోయిందమ్మా, గాల్లో కలిసిపోయిందా?" అని యజమాని విసుక్కున్నాడు. విసుగు వినలేక పొట్టి చిన్న నియమం ఒకటి రాసి లోపలికి తోసింది. మనిషి పేజీ దాటగానే, ఏ ప్రశ్నకు జవాబు రాలేదో దానికి 'లేదు' అని ఒక వరస వేసెయ్యి. టీ చల్లారేలోపు అయిపోయింది. బొమ్మ నిండుచందమామలా గుండ్రంగా వచ్చింది. తర్వాత తీరిగ్గా సరిచేద్దాంలే అనుకుంది. ఆ తీరిక రాలేదు. నియమం అలాగే లాండ్రీకి వెళ్ళింది.

ఆమె నోరు తెరుచుకున్నది ఎందుకంటే, నాలుగో పట్టికకు చివర ఎవరూ చూడని గడి ఒకటుంది. జవాబును వేలు ఏ క్షణాన తాకిందో ఆ టైము అందులో పడుతుంది. జనం ఏ ప్రశ్న దగ్గర తటపటాయిస్తున్నారో తెలుసుకోవడానికి పెట్టుకుంది దాన్ని. నియమం వేసిన వరసల్ని ఏ వేలూ తాకలేదు కాబట్టి వాటిలో ఆ గడి ఖాళీ. మొద్దుబారే ప్రశ్నకి వచ్చిన 'లేదు'లన్నీ ఏరి పక్కన ఆ గడి చూస్తే, మూడొంతుల్లో రెండొంతులు ఖాళీ. మరకలు తీసే గదిలో అయితే దాదాపు అన్నీ.

అంతమంది ఏమీ చెప్పలేదు. వాళ్ళందరి తరఫునా లేదని చెప్పింది పొట్టి.

*

యజమానికి ఆఫీసులో శాతం సార్ అని పేరు. భార్య వంట ఎలా ఉందంటే ఎనభై శాతం బాగుందంటాడట. ఆ మిగతా ఇరవై కోసం ఆవిడ వారం రోజులు మాట్లాడలేదట. ఆయన గదిలో గోడకి గడియారం ఉండాల్సిన చోట కూడా ఏదో శాతాల బొమ్మే ఉంటుంది.

"సార్, ఒక మాట."

"మాటలు సాయంత్రం. మూడింటికి లాండ్రీలో మీటింగు, గుర్తుందా?"

"ఆ మీటింగు గురించే."

నిలబడే చెప్పింది. ఆయన మొదట తలాడించాడు, తర్వాత ఆడించడం మానేశాడు, ఆ తర్వాత లేచి తలుపు వేశాడు.

"అంటే వాళ్ళు అవునన్నారా?"

"అనలేదు సార్. ఏమీ అనలేదు."

"అవునని అనలేదుగా?"

"అనలేదు."

"మరింకేం? బాధ ఉన్నవాడు నోరు మూసుకు కూర్చుంటాడా? నాకు పన్ను సలిపితే వీధి వీధంతా తెలుస్తుంది."

"సంతకం పెట్టేలోపు డాక్టరుగారికి చెప్పాలి సార్."

"చెప్పు. 'అమ్మా, మా డేటాబేసు మనుషులకి శ్రమ లేకుండా జవాబులు కూడా తనే వేసుకుంటుంది' అని చెప్పు. రేపట్నుంచి మన గుమ్మం ఎవడు తొక్కుతాడు? బయట గదిలో కూర్చున్న వాళ్ళందరూ ఎక్కడికి పోతారో, ఆ గడి కూడా నువ్వే నింపెయ్యి మరి."

పొట్టి నేల చూసింది. ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆయనంటే భయం ఆమెకి.

"చూడమ్మా. రెండేళ్ళు ఇంట్లో తలుపేసుకు కూర్చున్న మనిషిని ఏ ఆఫీసూ రానివ్వలేదు. పిలిచి కుర్చీ వేసిందెవరు?"

"మీరే సార్."

"నేను గుర్తుచేస్తున్నానని కాదు. మీటింగులో నా పక్కన కూర్చో. పట్టికల గురించి అడిగితే చెప్పు. అడక్కపోతే మాత్రం…"

అంతటితో ఆపి కళ్ళజోడు తుడుచుకోవడంలో పడ్డాడు. మిగతా వాక్యం పొట్టి తనే పూర్తి చేసుకుని బయటికొచ్చింది.

ఇతరుల వాక్యాలు పూర్తి చేసుకోవడం ఆమెకు ఈనాటి అలవాటు కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మాటలు బహు తక్కువ మనిషి. "నాన్నా, ఆడుకోవడానికి వెళ్ళనా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే పేపరు వెనకనుంచి పేజీ తిప్పిన చప్పుడొచ్చేది. అంతే. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత పట్టుకుని నిలబడేది పొట్టి. లోపల్నుంచి అమ్మ కేకేసేది: "పలకలేదంటే వద్దని. లోపలికి రా." చెప్పు విప్పేసేది. ఎదురుచూడటం కంటే వద్దనుకోవడం తేలికని అప్పుడే కనిపెట్టింది. వద్దంటే ఏడ్చి నిద్రపోవచ్చు. జవాబే రాకపోతే ఏడవాలో వద్దో కూడా తెలియదు, నిద్రా పట్టదు. పెద్దయ్యాక స్నేహితురాళ్ళు ఉత్తరాలకి జవాబివ్వకపోతే వాళ్ళు తెగతెంపులు చేసుకున్నారని తేల్చుకుంది. పెళ్ళి మాట కదిపిన మనిషి వారం రోజులు కనబడకపోతే తానే వద్దని కబురు పంపింది. అతను జ్వరంతో పడుకున్నాడని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఖాళీ గడి కనిపిస్తే చాలు, ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి అందులో 'లేదు' అని రాసేస్తుంది. టీ చల్లారేలోపు రాసిందనుకున్న నియమం నిజానికి ఆమె లోపల చాలా ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

అయితే ఈసారి ఆ ఖాళీలకు ఆమె ఒక అర్థం కట్టుకుంది. నిద్రపట్టని వేళ పక్కమీద దొర్లుతూ కట్టుకున్న అర్థం. లాండ్రీలో వాళ్ళ వెనకే సూపర్‌వైజరు నిలబడ్డాడు. అవుననడానికి ధైర్యం చాల్లేదు. లేదనడానికి మనసొప్పలేదు. అందుకని వాళ్ళు ఏమీ చెప్పకుండా ఊరుకున్నారు. అబద్ధమాడని మౌనం! ఆ ఊహకి ఆమె కళ్ళు తడయ్యాయి. ఆ తడిలో కొంచెం హాయి ఉన్న మాట తనకు తాను ఒప్పుకోలేదు.

అక్కకి చెప్పాలి. నీ మౌనం నాకర్థమైందని చెప్పాలి. మిగతాది అక్కే చూసుకుంటుంది.

*

లాండ్రీ వెనక వాకిలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చక్రాల బళ్ళ నిండా తెల్లటి దుప్పట్లు గుట్టలుగా ఉన్నాయి. గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం ఒకటి ఉండుండి ఆవిరి కక్కుతోంది. గాలిలో గోళ్ళరంగు లాంటి వాసన, తియ్యగా మొదలై ముక్కు చివర మండే వాసన. అక్క బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఉంది. టిఫిను డబ్బా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మూతని పళ్ళతో పట్టి లాగుతోంది.

"వచ్చారా మేడమ్ గారూ," అంది తల ఎత్తకుండా. "మీ లెక్క ప్రకారం నా చేతులు భేషుగ్గా ఉన్నాయటగా. ఈ మూత తియ్యమని నువ్వొకసారి చెప్పి చూడు. నా మాట వినడం మానేశాయి, నీ మాటైనా వింటాయేమో."

"ఇలా ఇవ్వక్కా, నేను తీస్తాను."

"అక్కర్లేదు. పళ్ళున్నాయి ఇంకా. వాటి గురించి ప్రశ్న వెయ్యలేదుగా, అందుకని బాగానే ఉన్నాయి."

మూత ఊడొచ్చి తడి నేల మీద దొర్లింది. అక్క చెంచాని గుప్పిట్లో పట్టుకుంది, పసిపిల్లలు పట్టుకున్నట్టు. పొట్టి పక్కనున్న బండి అంచుకి ఆనుకుంది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో వస్తూ రెండుసార్లు వల్లించుకుంది. ఇప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"నువ్వు లేదని నొక్కలేదని నాకు తెలుసక్కా."

"ఎలా తెలుసు? పేర్లు ఉండవు, ఎవరికీ తెలియదు అని చెప్పారే!"

"పేర్లు లేవు. మీ గదిలో ఎవరూ నొక్కలేదు. ఖాళీగా వచ్చాయి. ఆ ఖాళీల్ని…" ఆగింది. "ఆ ఖాళీల్ని నేను లేదు కింద వేశాను. బొమ్మ గుండ్రంగా రావడానికి."

చెంచా డబ్బాలోనే ఆగిపోయింది.

"నువ్వా?"

"నేనే."

"ఆ కుక్కర్‌గాడేదో మార్చాడని ఇన్ని రోజులూ వాణ్ణి తిట్టిపోస్తున్నాను." సూపర్‌వైజరుకి వాళ్ళు పెట్టిన పేరు అది. ఉండుండి పళ్ళ సందుల్లోంచి ఈల వేస్తాడని. "ఇంట్లో మనిషేనన్నమాట. బుర్రుందా పొట్టీ నీకు?"

"తప్పేనక్కా. కానీ మీరెందుకు మాట్లాడలేదో నాకర్థమైంది. అతను వెనకే నిలబడ్డాడు. అవుననడానికి భయం, లేదనడానికి మనసు రాలేదు. అందుకని మీరంతా మౌనంగా…"

"ఆగాగు. ఎవరే మౌనంగా ఉంది?"

"మీరు."

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు పొట్టికి చెంపదెబ్బలా తగిలింది.

"మౌనమూ లేదు, నీ మొహమూ లేదు. నేను నొక్కాను. అవునని నొక్కాను. ఆ గాజుపలక అరిగేలా నొక్కాను. పట్టలేదు."

"పట్టలేదా?"

"ఏదీ, నీ ఫోనివ్వు."

పొట్టి ఇచ్చింది. అక్క చూపుడువేలు చాచింది. వేలి కొస తెల్లగా, ఎండిపోయి, కొవ్వొత్తిలా నున్నగా ఉంది. గీతలన్నీ చెరిగిపోయాయి. ఆ వేలితో తెర మీద నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. వేలు వంగింది గానీ తెర కదలలేదు. మధ్యవేలు, ఉంగరపువేలు. ఫోను తన ముందు ఎవరూ లేనట్టే పడుకుని ఉంది.

"చూశావా? నేను దీని లెక్కలో మనిషినే కాదు. మందులో నానీ నానీ, ఆవిరికి ఎండీ ఎండీ చర్మం ఇలా అయింది. లోపల మొద్దు, పైన చెక్క. ఆ రోజు 'పట్టట్లేదు సార్' అన్నాను. వెనక ఇంత వరస. 'పరవాలేదమ్మా, అదే తీసుకుంటుంది, కానీ కానీ' అని ఈల వేసి, తరువాతి పేజీ బటను వాడే నొక్కేవాడు. వాడి వేలికి ఎంచక్కా పట్టేది. వాడు మందు ముట్టడుగా."

"అందరికీ ఇలాగేనా?"

"మా గదిలో అందరికీ. ఇస్త్రీ గదిలో సగంమందికి. ప్యాకింగు వాళ్ళకి బాగానే పట్టింది. వాళ్ళకేం బాధ లేదు, లేదన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు పాపం."

పొట్టి బండి అంచుని గట్టిగా పట్టుకుంది. బాగున్నవాళ్ళ జవాబులన్నీ పట్టికలో పడ్డాయి. బాగాలేనివాళ్ళ జవాబుల్ని వాళ్ళ జబ్బే పడనివ్వలేదు. ఆ పడనివి తెచ్చి తను బాగున్నవాళ్ళలో కలిపింది. ఈ లెక్క ఎంత తేటగా ఉందంటే, దాని పక్కన నిన్నటి తన మౌన సిద్ధాంతం చవకబారు అద్దకంలా వెలిసిపోయింది. పైగా దాన్ని తలుచుకుని కళ్ళు తడిచేసుకుంది కూడా. పనివాళ్ళ గుండెల్లో ఏముందో పక్కమీద పడుకునే కనిపెట్టేసింది. ఒక్కరిని, ఒక్కసారి, ఏమైందని అడిగిందా?

"నీకు నాన్న దగ్గర పట్టుకున్న జబ్బు పోలేదే," అంది అక్క, ఆమె మనసులో మాట చదివినట్టు. "ఆయన పలక్కపోతే నువ్వు చెప్పు విప్పేసి మూలన కూర్చునేదానివి."

"నువ్వో?"

"నేనా? గేటు తీసుకుని పోయేదాన్ని. పలకలేదంటే సరేననుకునేదాన్ని."

"అమ్మ వద్దనేదిగా?"

"అమ్మ తన మాట చెప్పేది. ఆయనదేమిటో మనిద్దరికీ తెలియదు. నువ్వు వద్దనుకున్నావు, నేను సరేననుకున్నాను. పేపరు పక్కకి లాగి 'ఏమంటావు నాన్నా' అని అడిగిన మొనగత్తె మన ఇంట్లో పుట్టలేదు."

గొట్టం ఆవిరి కక్కింది. ఇద్దరూ కాసేపు ఆ పొగమంచులో ఒకరికొకరు సరిగ్గా కనబడలేదు. పొగ విడేసరికి అక్క తన మోచేతిని రెండో చేత్తో నెమ్మదిగా నొక్కుకుంటోంది.

"ఎందాకా వచ్చింది?" అని అడిగింది పొట్టి. అడిగాక, ఈ ప్రశ్న తన నోటి నుంచి ఇదే మొదటిసారి వచ్చిందని స్పృహ కలిగింది.

"ఇక్కడిదాకా. మొన్న పొయ్యి మీది గిన్నె ఉత్తచేతుల్తో దించాను. వాసనొస్తే తెలిసింది." మామూలుగా, కూర చెడిపోయిందన్నట్టు చెప్పింది. "ఇంకో ఏడాది ఇదే మందులో చేతులు పెడితే ఇక రానే రావంటున్నారు. ఇప్పుడేం చేస్తావ్?"

"మా సార్ చెప్పొద్దన్నారు."

"చెప్పొద్దన్నాడా?"

"అంటే… అడక్కపోతే…"

"అడక్కపోతే ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆపేశారు."

"అదిగో!" అంది అక్క. చెంచాని డబ్బాలో పడేసింది. అది ఠంగున మోగింది.

లోపల గంట కొట్టారు. అక్క లేచి, దొర్లిపోయిన మూతని కాలితో దగ్గరికి లాక్కుని, వంగి అరచేతుల మధ్య ఇరికించి పైకి తీసింది. పొట్టి చూస్తూ నిలబడింది. ఈసారి సాయం చేస్తాననలేదు.

"నేను లేచి అరిస్తే, ఫిర్యాదు పెట్టింది ఇదే, అరవక ఏం చేస్తుందంటారు," అంది అక్క. "లెక్క వేసింది నువ్వు. తప్పని నువ్వు చెబితే దానికో విలువుంటుంది. నీ ఉద్యోగం నాకు తెలియదా? చెప్పలేనంటే నేను నిన్నేమీ అనను. కానీ ఏమీ చెప్పకుండా మాత్రం పోకు పొట్టీ. నువ్వేమీ అనకపోతే దాన్ని నేనేమని రాసుకోవాలి?"

పొట్టి నోరు తెరిచింది. లోపలికి వెళ్ళేవాళ్ళ గుంపు అక్కని కలుపుకుని వెళ్ళిపోయింది.

*

మీటింగు పనివాళ్ళ భోజనాల హాల్లో. బల్లలు గోడలకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేశారు. తెల్లటి దుప్పటి ఒకటి గోడకి బిగించి దాని మీద బొమ్మ పడేలా చేశారు. ఆ దుప్పటి మీద పొట్టి గీసిన వృత్తం, నీలంగా, నిండుగా, ఒక పక్కన మాత్రం సన్నటి ఎర్ర చీలికతో. తలుపు దగ్గర కుక్కర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు వరసలో శాతం సార్, ఆయన పక్కన పొట్టి. వెనక పనివాళ్ళు. చాలామంది చేతులు చంకల్లో దాచుకుని కూర్చున్నారు. చలికి అలా కూర్చున్నారని ఎవరైనా అనుకోవచ్చు.

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. అదే పొట్టికి ఇంకా కష్టంగా ఉంది. అలిసిపోయిన కళ్ళు, చదివిన ప్రతి అంకెనీ రెండోసారి సరిచూసుకునే అలవాటు. తన దగ్గరికొచ్చిన అంకెలు సరైనవే అయితే సరైన తీర్పే ఇచ్చే మనిషి.

"మీ మాట మీ నోటితోనే వినాలని ఈ ప్రశ్నావళి పెట్టాం," అందావిడ. "మధ్యలో ఎవరూ దూరకుండా. మొద్దుబారడం గురించి ఇంత స్పష్టంగా జవాబు రావడం నేనెక్కడా చూడలేదు. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఇంకేదైనా కారణం ఉండొచ్చు. దానికి వాళ్ళని తప్పుపట్టను. కానీ మందు వల్ల అనడానికి ఆధారం లేదు."

వెనక ఒక కుర్చీ కిర్రుమంది. అక్కేమో! పొట్టి తల తిప్పింది. అక్క మూడో వరసలో, నేల చూస్తూ కూర్చుని ఉంది. కదిలింది ఇంకెవరో.

మాట్లాడాలి. పొట్టి లోపల మాటలు వరస కడుతూనే ఉన్నాయి, వరస చెడుతూనే ఉన్నాయి. మొదట నియమం గురించి చెప్పాలా, వేళ్ళ గురించా? పట్టికలు అంటే వీళ్ళకేం తెలుస్తుంది? రుజువేది? నొక్కినా పట్టని వేలు పట్టికలో ఏ జాడా వదల్లేదు. ఖాళీ గడి తప్ప చూపించడానికేమీ లేదు. మీటింగు అయ్యాక సార్ నెమ్మదిగా డాక్టరమ్మ చెవిన వేస్తాడేమో. వేస్తాడా? అలా అన్నాడా? అనలేదు. ఇదిగో, మళ్ళీ నింపుతోంది. ఆయన ఖాళీని ఈసారి 'సరే'తో నింపుతోంది, తనకు కావలసినట్టు.

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. కలం మూత తీసింది. తీశాక ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు మీదుగా హాలంతా చూసింది.

"సంతకం చేసేముందు అడుగుతున్నాను. ఈ ఫలితం మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరూ పలకలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. గోడవతల ఏదో యంత్రం బట్టల్ని ఎత్తి పడేస్తోంది. ఆవిడ నిజంగానే ఆగింది, మర్యాదకి ఆగినట్టు కాదు. ఎడమ నుంచి కుడికి, ఒక్కో ముఖం మీదా చూపు నిలిపి మరీ చూసింది. పొట్టి ముఖం మీద కూడా నిలిపింది. చూపు దాటిపోయింది.

"లేదన్నమాట," అంది డాక్టరమ్మ, తల వంచి.

ఎక్కడో విన్న గొంతు అది. ఎక్కడో కాదు, తనదే. తను రాసిన నియమం, ఎదురుగా మంచి మనిషి నోట్లోంచి, ఎంతో సౌమ్యంగా పలికింది. హాలు నిండా ఇంతమంది, ఇన్ని ఖాళీలు, అన్నింటికీ కలిపి ఒక్క 'లేదు'. ఆ ఖాళీల్లో ఒకటి తనది.

"అయిపోయింది," అని శాతం సార్ ఊపిరి వదిలాడు. ఆమె కుర్చీ చేతి మీద ఉన్న ఆమె మణికట్టును ఓదార్పుగా తట్టి, చెయ్యి అక్కడే ఉంచేశాడు. ఓదార్పు బిగుసుకుంది. తలుపు దగ్గర కుక్కర్ సన్నగా ఈల అందుకున్నాడు. కాగితం మీద కలం కదలడం మొదలైంది. డాక్టరమ్మ తల ఎత్తలేదు.

కుడి చెయ్యి శాతం సార్ చేతి కింద ఉంది. పొట్టి ఎడమ చెయ్యి ఎత్తింది.